సైరన్ల రోజుల్లో శనివారం ఆరాధన: ఇజ్రాయెల్‌లోని మనవాళ్లకు జాగ్రత్తలు

యుద్ధమొచ్చినా ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్ పని ఆగదు. ఎక్కువమందికి సెలవు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకే కాబట్టి తెలుగు ఆరాధనలూ ఆ వేళకే పెట్టుకుంటారు. బయల్దేరే ముందు, మీ ప్రాంతంలో ఎంతమంది గుమిగూడొచ్చో హోమ్ ఫ్రంట్ కమాండ్ (పౌరుల రక్షణ చూసే సైనిక విభాగం) యాప్‌లో చూడండి. 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం మొదలవగానే సమావేశాలన్నీ ఆపేశారు. అలాంటి రోజు పాస్టర్‌గారు రమ్మన్నా వెళ్లొద్దు, జూమ్ చాలు.

అనుమతి ఉన్నా హాలుకంటే ముందు మిక్లాత్ (దాడులప్పుడు తలదాచుకునే షెల్టర్) చూసుకోవాలి. గాజా నుంచి రాకెట్ వస్తే టెల్ అవీవ్‌లో సైరన్ మోగాక చేతిలో ఉండేది ఒకటిన్నర నిమిషం, గాజా పక్క ఊళ్లలో 15 సెకన్లే. మోకాళ్ల నొప్పులున్న సిస్టర్‌ను వెంటబెట్టుకుని హాలు నుంచి అక్కడికి ఒకసారి నడిచి చూడండి. తలుపుకు తాళం ఉందేమో కూడా. అందులో ఎంతమంది పడతారో అంతమందినే పిలవండి. స్పీకర్ల సౌండ్ తగ్గించి, ఒకరు ఫోన్‌తో తలుపు దగ్గర కూర్చోవాలి. ప్రార్థన మధ్యలో సైరన్ వస్తే ఆమెన్ దాకా ఆగనక్కర్లేదు, దేవుడేమీ అనుకోడు. బయటికి రావచ్చని కబురొచ్చాకే రండి.

మరి మీరు చూసుకునే పెద్దావిడ సంగతి? మీరు లేనప్పుడు ఆమెను మమాద్‌లోకి (ఇంట్లోనే ఉండే రక్షణ గదిలోకి) ఎవరు తీసుకెళ్తారు? కొడుకో కూతురో వచ్చాకే గడప దాటండి. షబ్బాత్ (యూదుల విశ్రాంతి దినం) నిష్ఠగా పాటించే ఇళ్లలో ఫోన్, టీవీ ముట్టరు. వాళ్ల కోసమే హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రమే పలికే రేడియో ప్రసారం ఉంటుంది. శుక్రవారం పొద్దు గూకకముందే దాన్ని ఆన్ చేసి ఉంచారో లేదో చూడండి.

శనివారం బస్సులు చాలా చోట్ల నడవవు. టాక్సీలో ఉండగా సైరన్ వస్తే ఆపించి, దగ్గర్లోని భవనంలోకి వెళ్లండి. అదీ లేకపోతే బండికి దూరంగా బోర్లా పడుకుని తలమీద చేతులు పెట్టుకోండి.

పాస్‌పోర్టు, మందులు, పవర్ బ్యాంక్ ఒకే సంచిలో ఉంచండి. ఎంబసీలో పేరు నమోదు చేయించుకోండి. భారత ప్రభుత్వం మనవాళ్లను వెనక్కి తెచ్చిన 2023 అక్టోబర్ ఆపరేషన్ అజయ్‌కీ, 2025 ఆపరేషన్ సింధుకూ అలా నమోదు చేసుకోమనే చెప్పారు. రెండోసారి విమానాశ్రయం మూతపడటంతో జోర్డాన్, ఈజిప్టు సరిహద్దులు దాటించాల్సి వచ్చింది. అంబులెన్స్‌కు 101, హోమ్ ఫ్రంట్‌కు 104.

క్షిపణి పడిన చోట వీడియో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. ఇక్కడ సైనిక సెన్సార్ ఉంది, కేసు కావచ్చు. పైగా అది ఊరికి చేరితే ఇంట్లోవాళ్లకు రాత్రంతా టెన్షన్. "బాగానే ఉన్నాం" అని ఒక్క మెసేజ్ పెట్టండి.