పాత మ్యాగజైన్ ర్యాక్‌కి నూనె పట్టించే ముందు గుడ్డల సంగతి చూడండి

పోయిన వారం న్యూజెర్సీలో మా వెనక వీధిలో ఒక గరాజ్ కాలిపోయింది. ఆ ఇంటాయన ఎస్టేట్ సేల్‌లో కొన్న 1960ల నాటి టేకు మ్యాగజైన్ ర్యాక్‌కి సాయంత్రం నూనె పట్టించారు. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తడబ్బాలో వేసి పడుకున్నారు. అర్ధరాత్రికి పొగ. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. మనుషులు క్షేమంగా బయటపడ్డారు, అదే పదివేలు.

ఎండాకాలం వస్తోంది, మనలో చాలామంది ఇలాంటి పనులు మొదలుపెడతారు. అందుకే చెబుతున్నాను: నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి.

కర్రకి పట్టించే నూనెల్లో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అప్పుడు వేడి పుడుతుంది. కర్ర మీద పల్చటి పొరే కాబట్టి ఆ వేడి గాలిలోకి పోతుంది. ఉండచుట్టిన గుడ్డలో పోయే దారి ఉండదు. పచ్చిగడ్డితో వామి వేస్తే లోపల ఉడికినట్టే, వేడి పెరిగి పెరిగి గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా ఇలాగే తగలబడింది. పనివాళ్లు 22వ అంతస్తులో వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణం. ముగ్గురు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు.

డబ్బా మీద టీక్ ఆయిల్, డేనిష్ ఆయిల్ అని ఉంటే ధీమా పడకండి. వాటిలో చాలావాటిలో ఉండేది అవిసె నూనో, టంగ్ అనే చెట్టు గింజల నూనో.

ర్యాక్ విషయం రెండు ముక్కలు. పక్క పలకలు చాలాసార్లు పైన టేకు పొర అతికించినవి, గట్టిగా గీకితే పొర పోతుంది, మళ్లీ రాదు. రంగు వేసిన పాత ర్యాక్ అయితే గీకనే వద్దు, 1978కి ముందు రంగుల్లో సీసం ఉండొచ్చు.

ఇక గుడ్డలు. ఒక్కో గుడ్డనీ విప్పి, బయట, నీడలో, విడివిడిగా ఆరేయండి. బిరుసుగా అయ్యేదాకా అక్కడే ఉంచండి. కుదరకపోతే నీళ్లు నిండిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో వద్దు. డ్రైయర్‌లో అసలే వద్దు. నూనె అంటిన స్టీల్ వూల్ (సన్నటి ఉక్కు పీచు), రంపపు పొట్టు కూడా గుడ్డలతో సమానమే. గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న గరాజ్‌లో ఈ పని పెట్టుకోకండి. గుడ్డని ఉండచుట్టకండి, ఐదు నిమిషాలకైనా సరే. మొదలుపెట్టేటప్పుడు గుడ్డలు లెక్కపెట్టండి. ఆరు తీస్తే తీగ మీద ఆరు కనబడాలి. ఐదే ఉంటే, ఆరోది దొరికేదాకా పడుకోవద్దు.