రీఫండ్ మెయిల్ వస్తే లింకును వెనక నుంచి చదవండి

ఐటీ రిటర్నులు వేసే రోజుల్లోనే ‘మీ రీఫండ్ మంజూరైంది, 24 గంటల్లో ఖాతా ధ్రువీకరించండి’ అంటూ మెయిళ్లు దిగుతాయి. పంపినవారి పేరు చూసి నమ్మొద్దు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. లింకుపై మౌస్ ఊరికే ఉంచండి, ఫోన్లో అయితే వేలితో నొక్కి పట్టుకోండి. అసలు చిరునామా బయటపడుతుంది. మొదట్లోని జంట స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత వచ్చే తొలి స్లాష్ నుంచి వెనక్కి చదవండి. అక్కడ ‘డాట్ ఇన్‌కంటాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగిస్తే ఐటీ శాఖది. దాని వెనకాల ఇంకో చుక్క, ‘డాట్ కామ్’ లాంటి తోక ఉంటే దొంగది. తాళం గుర్తు దొంగ సైట్లకూ ఉంటుంది, అది లెక్కలోకి రాదు.

నిజమైన రీఫండ్ అయితే, ఐటీ శాఖ పోర్టల్‌లో మీరు ధ్రువీకరించిన ఖాతాలోకే వస్తుంది. కార్డు నంబరుతో, ఓటీపీతో దానికి పనేముంది?

జతచేసిన ఫైలుతో ఇంకో చిక్కు. విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి ముక్కను దాచేస్తుంది. ‘రీఫండ్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ’ అనే ప్రోగ్రామ్ కాస్తా పీడీఎఫ్‌లా కనిపిస్తుంది. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కితే ముసుగు తొలగుతుంది.

తెరిచేశారా? ముందు నెట్ ఆపండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, ఆ కంప్యూటర్‌లో వద్దు. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.