పాత రికార్డులు వినడం – 4వ పాఠం: స్టోకోవ్‌స్కీ రెండు ‘అన్‌ఫినిష్డ్’లు

1917 నాటి బ్రామ్స్ హంగేరియన్ నృత్యం రికార్డు విన్నాక మీలో ఎక్కువమంది రాసినవి రెండే మాటలు: కండక్టర్ స్టోకోవ్‌స్కీ మరీ పరుగెత్తించాడు, డబుల్ బాస్‌లను (అన్నిటికన్నా మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యాలను) గాలికొదిలేశాడు. రెండూ తొందరపాటు తీర్పులే. ఈ చిక్కు విడదీయకుండా ముందుకు వెళ్లలేం కాబట్టి కమాను పద్ధతుల పాఠం వచ్చేసారికి.

ముందు డబుల్ బాస్ సంగతి. ఆ రోజుల్లో మైకు లేదు. వాద్యకారులు ఒక పెద్ద కొమ్ము ముందు కిక్కిరిసి కూర్చుని వాయిస్తే, గాలి అదురే సూదిని కదిపి మైనంలో గాడి చెక్కేది. సుమారు 170 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) కిందిది, 2000 పైది ఆ కొమ్ముకు సరిగా అందేది కాదు. షూబర్ట్ ‘అన్‌ఫినిష్డ్’ సింఫనీ మొదలయ్యే బీ స్వరం చెల్లోలో 123 హెర్ట్జ్, డబుల్ బాస్‌లో 62. అసలు స్వరం గాడిలోకే చేరలేదు, మనకు వినిపించేది దానితోపాటు పుట్టే పై స్వరాలు (ఓవర్‌టోన్లు). అది కండక్టర్ తప్పెలా అవుతుంది?

ఏది మనిషిది, ఏది యంత్రానిది అని తేల్చుకోవడానికి ఒకే కృతిని ఒకే కండక్టర్ రెండు పద్ధతుల్లో చేసిన రికార్డులు కావాలి. స్టోకోవ్‌స్కీ, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా ఈ సింఫనీని 1924లో కొమ్ముతో, 1927లో మైకుతో రికార్డు చేశారు. రెండింటిలోనూ ఉన్నది చాలావరకు ఆయనది. 1924లో లేకుండా 1927లో ప్రత్యక్షమైనదాన్ని ముందు యంత్రం ఖాతాలో రాయండి. మూడేళ్లలో మనిషీ మారవచ్చు గనక పెన్సిల్‌తోనే రాయండి.

ఇక వేగం. ఇక్కడే దాదాపు అందరూ పడుతున్నారు. రికార్డు నిమిషానికి 78 తిరుగుళ్లు తిరగాలన్నది పేరుకే. కొమ్ము కాలపు రికార్డుల్లో 75, 76 తిరుగుళ్లకు చెక్కినవి ఎన్నో. 75కు చెక్కినదాన్ని 79.5కు తిప్పి నకలు ఎక్కిస్తే వేగం 6 శాతం పెరుగుతుంది, శ్రుతి అరస్వరం లేస్తుంది. నాలుగు నిమిషాల సంగీతం 3 నిమిషాల 46 సెకన్లలో అయిపోతుంది. 14 సెకన్లు! దాన్ని విని “పరుగు” అనేస్తాం. అందుకే శ్రుతి చూడకుండా లయ గురించి ఒక్క మాట కూడా రాయకండి.

చూడటం తేలిక. ఫోన్లో తంబూరా యాప్ తెరిచి బీ పెట్టండి, అంటే మన లెక్కలో ఏడు శ్రుతి. మొదటి స్వరాలతో సరిచూడకండి, అక్కడ వినబడేదే తక్కువ. వయొలిన్ల గుసగుస మొదలయ్యాక ఓబో, క్లారినెట్ కలిసి ఎత్తుకునే పొడుగు స్వరం పట్టుకోండి. అది పంచమంలో కుదురుగా కూర్చోవాలి. అలా కాక, తంబూరాను ఒకటి శ్రుతికి మారిస్తే కూర్చుందా? ఆ నకలు అరస్వరం ఎక్కువ. వేగం మార్చే వీలున్న ప్లేయర్లో 94 శాతానికి దించి మళ్లీ వినండి. రెంటికీ మధ్యన ఊగుతుంటే 97 దగ్గర మొదలుపెట్టండి. యాప్‌లో ‘ఏ’ (A) అనే స్వరం 440 హెర్ట్జ్ ఉండాలి. శ్రుతి మార్చకుండా వేగం మాత్రమే మార్చే మీట నొక్కితే ఈ పనంతా వృథా.

గరగర పూర్తిగా తీసేసిన నకళ్లు నాకు పనికిరావు. గరగరతోపాటు వయొలిన్ల అంచు కూడా పోతుంది. గరగర ఉన్నదే తీసుకుని ఒక్క స్పీకర్లో వినండి. పది నిమిషాల్లో చెవి దాన్ని పక్కకు నెడుతుంది.

తర్వాత చెల్లోలు వాయించే రెండో ఇతివృత్తం (థీమ్, అంటే ముఖ్యమైన రాగవరుస). మొదటి స్వరం 196 హెర్ట్జ్, రెండోది 147. కొమ్ము హద్దు సరిగ్గా ఈ రెంటి నడుమ. 1924లో రెండో స్వరం పలచబడుతోందేమో, 1927లో నిండుతోందేమో చూడండి. స్వరం నుంచి స్వరానికి తీగవాద్యాలు జారే చోట్లు కూడా గమనించండి. మన జారు వంటిదే, కానీ గమకం కాదు. ఆ కాలపు ఆర్కెస్ట్రాల మామూలు అలవాటు. రెండు రికార్డుల్లోనూ ఒకే చోట జారితే అది సాధన చేసి తెచ్చిందే.

అభ్యాసం: మొదటి భాగం ఒక్కటే, రెండు రికార్డులూ చెరి ఏడుసార్లు, శ్రుతి సరిచేశాకే. చెల్లో ఇతివృత్తం మొదలైన క్షణం, ముగిసిన క్షణం సెకన్లలో రాయండి. ప్రతి జారుకూ నిమిషం, సెకను రాయండి. రికార్డు వైపు మారే చోటు కూడా గుర్తు పెట్టండి, 12 అంగుళాల పలకకు ఒక వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాలే పడుతుంది. ఆ కోత ముందు స్టోకోవ్‌స్కీ నెమ్మదించాడా లేదా అన్నది ఒక్క వాక్యంలో చాలు.