సైనిక కుటుంబాల కోసం సువార్త కూడిక ఎలా జరపాలి?

సైనిక కుటుంబాలకు కూడిక పెడదామనగానే చాలా సంఘాల్లో ముందుగా ప్రసంగీకుడి గురించే చర్చ మొదలవుతుంది. రిటైరయిన పెద్ద ఆఫీసర్ని పిలుద్దాం, స్టేజీ మీద సన్మానం చేద్దాం అంటారు. తీరా ఆ రోజు వచ్చేవాళ్లలో సైనికులు కొద్దిమందే ఉంటారు. భర్త దూరంగా డ్యూటీలో ఉంటే పిల్లల్ని ఒక్కతే చూసుకుంటున్న భార్య, భార్యే సైన్యంలో ఉంటే ఇల్లు నడుపుతున్న భర్త, కొడుకు ఫోన్ కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు, బదిలీలతో మాటిమాటికీ స్కూలు మారే పిల్లలు... వచ్చేది వీళ్లు. ఏర్పాట్లు వీళ్లను దృష్టిలో పెట్టుకుని చేయాలి.

1. ముందు అడగండి

మీ సంఘంలో ఒక్క సైనిక కుటుంబం ఉన్నా సరే, మొదటి మీటింగ్‌కే వాళ్లను పిలవండి. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో కొర్నేలీ అనే శతాధిపతి (రోమా సైన్యంలో వందమంది సైనికుల మీద అధికారి) కైసరయ పట్టణంలో తన బంధువులనూ దగ్గరి స్నేహితులనూ ఇంట్లో సమకూర్చి పేతురు కోసం కనిపెట్టుకుని ఉంటాడు. పేతురు వెళ్లీ వెళ్లగానే వాక్యం అందుకోలేదు, నన్నెందుకు పిలిపించారని అడిగాడు. ఆ ప్రశ్నతోనే మీరూ మొదలుపెట్టండి. మీరు అనుకున్నదానికీ వాళ్లు కోరేదానికీ పొంతన ఉండకపోవచ్చు. ప్రసంగం కన్నా రెండు గంటలు పిల్లల్ని ఎవరైనా చూసుకుంటే చాలనేవాళ్లు తప్పకుండా ఉంటారు.

2. చోటు, అనుమతి, తేదీ

సైనిక ఆవరణ లోపల కూడిక పెట్టాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోండి. సైన్యంలో మతపరమైన సేవలు చూసే అధికారి ఉంటే ముందు ఆయనతో మాట్లాడండి. క్వార్టర్లకు దగ్గరలో బయటి హాలు దొరికితే ఇంకా సులువు. యూనిఫాంలో రమ్మని ఎవరినీ అడగొద్దు. బయటి కార్యక్రమాల్లో యూనిఫాం వేసుకోవడానికి చాలా సైన్యాల్లో నిబంధనలున్నాయి. బదిలీలు, పరీక్షలు ఉండే నెలలు వదిలేయండి. వస్తామన్నవాళ్లు చివరి నిమిషంలో రాలేకపోయినా నొచ్చుకోవద్దు. సెలవులే రద్దయ్యే ఉద్యోగం అది.

3. ఆహ్వానంలో దాపరికం వద్దు

పాటలు, వాక్యం, ప్రార్థన ఉంటాయని ఆహ్వానంలోనే రాయండి. పిల్లల ఆటల పోటీ అని పిలిచి మధ్యలో ప్రసంగం పెడితే ఆ కుటుంబం మళ్లీ మీ గుమ్మం తొక్కదు. క్వార్టర్లలో అన్ని మతాలవాళ్లూ పక్కపక్కనే ఉంటారు కాబట్టి ఆ మాట ఇట్టే పాకుతుంది. కానుకలిస్తే వచ్చినవాళ్లందరికీ ఇవ్వండి. ప్రార్థనకు చెయ్యెత్తినవాళ్లకే అన్నట్టు ఉండకూడదు. ఇంకొకటి, ర్యాంకు. ఆఫీసర్ల భార్యలకు ముందు వరుస, మిగతావాళ్లకు వెనక కుర్చీలు అయితే మీరు ఏ వాక్యం చెప్పినా చెవికెక్కదు. కొర్నేలీ ఇంట్లో పేతురు ప్రసంగం మొదలుపెట్టిందే దేవుడు పక్షపాతి కాడన్న మాటతో.

4. వివరాలు బయటికి పొక్కకుండా

అన్నిటికన్నా జాగ్రత్త ఇక్కడే కావాలి. మంచి మనసుతోనే తప్పు జరిగిపోతుంది. "మీవారు ఎక్కడున్నారమ్మా, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడొస్తారు" అని మైకులో అడగడం మనకు పలకరింపే. ఆమెకు మాత్రం టెన్షన్, ఎందుకంటే అవి చెప్పకూడని వివరాలు. రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు, ఫోన్ నంబరు, పిల్లల వయసు చాలు. యూనిట్ పేరు, పోస్టింగ్ ఊరు అడగొద్దు. ఫోటోలు తీసేముందు అనుమతి అడగండి. పిల్లల ముఖాలు, క్వార్టర్ల గేట్లు సోషల్ మీడియాలో పెట్టొద్దు. ప్రార్థన విన్నపాలూ ఇంతే. "ఫలానా సోదరుడు ఫలానా చోటికి ఫలానా తేదీన బయల్దేరుతున్నాడు, ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెడితే అది ఎక్కడెక్కడికి వెళ్తుందో ఎవరికీ తెలియదు. "ప్రయాణంలో ఉన్న ఒక సోదరుడి కోసం" అంటే చాలు, దేవుడికి అడ్రసు అక్కర్లేదు.

5. పిల్లల గది

పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. దింపినవాళ్లకు చీటీ ఇచ్చి, అది చూపించినవాళ్లతోనే పంపండి. నాన్నతో కలిసి ఆడే ఆటలు పెట్టొద్దు. బెలూన్లు పగలగొట్టే ఆటలు, టపాసులు కూడా వద్దు. యుద్ధం చూసివచ్చినవాళ్లలో కొందరు హఠాత్తుగా వచ్చే శబ్దానికి ఉలిక్కిపడతారు. తలుపు కనిపించేలా వెనక కూర్చుంటామంటే కూర్చోనివ్వండి.

6. వాక్యం, సాక్ష్యం

ఇరవై నిమిషాలు దాటొద్దు. తన దాసుణ్ని బాగుచేయమని యేసును వేడుకున్న కపెర్నహూము శతాధిపతి సంగతి (లూకా 7) బాగా నప్పుతుంది. నేనూ అధికారానికి లోబడినవాణ్నే, నా కింద సైనికులున్నారు అన్న అతని మాట ఈ కుటుంబాలకు వివరించి చెప్పే పనిలేదు. "నమ్మితే మీవారికి ఏమీ కాదు" అని మాత్రం ఎవరూ స్టేజీ మీద అనకూడదు. భర్తను పోగొట్టుకున్న ఆమె అదే హాల్లో ఉండొచ్చు. ఆమెను సన్మానం పేరుతో పైకి పిలవడం కూడా నాకు సరైన పనిగా తోచదు. ఆమెగా కోరితే తప్ప వద్దు. సాక్ష్యం సైనికుడి భార్యో తల్లో చెబితే మనసుకు తగులుతుంది.

ప్రార్థన సమయంలో ఎవరైనా తనకు బతకాలని లేదని చెబితే, ప్రార్థించి పంపేయకండి. పక్కన ఒకరు ఉండి, వెంటనే డాక్టరుకో హెల్ప్‌లైన్‌కో కలపాలి. ఆ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి.

7. కూడిక అయ్యాక

ఫోన్ చేయడానికి ఒప్పుకున్నవాళ్లకు వారంలోపు చేయండి. ఆదివారం ఆరాధనకు రమ్మనడం కన్నా ముందు, ఏదైనా పని పడిందా అని అడగండి. ఆసుపత్రికి తోడు, చెడిపోయిన కుళాయి, స్కూల్లో అడ్మిషన్... ఏ పని ఎవరు చేయగలరో సంఘంలో ముందే జాబితా రాసుకుంటే అప్పటికప్పుడు వెతుక్కోనక్కర్లేదు. బదిలీ వస్తే, వాళ్లు ఒప్పుకుంటేనే, వెళ్లే చోట ఒక సంఘం కాపరికి మీరే ఫోన్ చేసి పరిచయం చేయండి. సామాను దించే రోజున అక్కడ ఇద్దరు మనుషులు వచ్చేలా మాట్లాడండి.