సంక్రాంతికి ఊరెళ్లే ముందు కెమెరా తలుపు మూశారా?

పోయిన వారం మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తు వాళ్ల హాల్లో కెమెరా దానంతటదే తల తిప్పింది. ఆవిడ బీన్స్ తుంచుతూ చూశారట. ఆయన ఆఫీసులో ఉన్నారు, యాప్ ముట్టుకోలేదు. నేను వెళ్లి రూటర్ సెట్టింగ్‌ల పేజీ తెరిస్తే పోర్ట్ 80, పోర్ట్ 554 రెండూ బయటికి బార్లా తెరిచి ఉన్నాయి. పోర్ట్ అంటే ఇంటర్నెట్ నుంచి లోపలికొచ్చే తలుపు లాంటిది; 80 కెమెరా వెబ్ పేజీకి, 554 వీడియోకి. బిగించిన కుర్రాడు "ఊర్నుంచి కూడా చూసుకోవచ్చు అంకుల్" అని తెరిచిపెట్టి వెళ్లాడు.

పాస్‌వర్డ్ మార్చండని మళ్లీ చెప్పను. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రాము లక్షల పరికరాల్లోకి దూరింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే అని అందరికీ తెలుసు. నా గొడవంతా పోర్ట్ గురించే. పాస్‌వర్డ్ గట్టిదైతే పోర్ట్ తెరిచినా పర్లేదనుకుంటారు. 2021లో హైక్‌విజన్ కంపెనీ కెమెరాల్లో బయటపడ్డ లోపానికి పాస్‌వర్డే అక్కర్లేదు, వెబ్ పోర్ట్ అందితే చాలు. పోర్ట్ నంబర్ 8080కి మార్చినా అంతే, తెరిచిన తలుపుల కోసం నెట్ అంతా వెతికే స్కానర్ ప్రోగ్రాములు అన్ని పోర్టులూ తడుముతాయి.

రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ, అంటే ఏ పోర్ట్ బయటికి తెరవాలో రాసే చోటు, ఖాళీగా ఉండాలి. కొన్నింట్లో దాని పేరు వర్చువల్ సర్వర్. ఒక పరికరాన్ని పూర్తిగా బయటికి తెరిచేసే డీఎంజెడ్ ఆఫ్. పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే యూపీఎన్‌పీ రూటర్‌లోనూ కెమెరాలోనూ ఆఫ్, లేకపోతే మీరు మూసిన పోర్టును కెమెరానే అడిగి తెరిపించుకుంటుంది. ఊర్నుంచి చూడ్డానికి కంపెనీ యాప్ చాలు, ఓపిక ఉంటే రూటర్‌లో వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) పెట్టుకోండి.

ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో కెమెరా చిరునామా, దాని సంగతి ఒకటి. కరెంటు పోయి వస్తే కెమెరాకి కొత్త ఐపీ రావచ్చు, రికార్డర్ పాత దాని కోసమే వెతుకుతూ కూర్చుంటుంది. కెమెరా మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్) రూటర్‌లోనే ఐపీ రిజర్వ్ చేయండి. కెమెరాలో ఐపీ చేత్తో కొట్టేవాళ్లు గేట్‌వే (రూటర్ ఐపీ), డీఎన్ఎస్ (వెబ్ పేర్లకి ఐపీ చెప్పే సర్వర్) సరిగ్గా కొట్టండి. తప్పితే టైమ్ సింక్ అవదు. తెలిసినవాళ్ల ఇంట్లో దొంగ మొహం స్పష్టంగా పడింది, వీడియో మీద తేదీ మాత్రం 1970 జనవరి 1. స్టేషన్లో అరగంట అదే వివరించాల్సొచ్చింది.

కెమెరా, రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ ఈ వారమే అప్‌డేట్ చేయండి, బస్సెక్కే రోజు కాదు. బయటి నుంచి పరికరానికి ఆదేశాలు ఇచ్చే పాత పద్ధతి టెల్నెట్ ఆఫ్. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. రూటర్‌కి యూపీఎస్ పెట్టండి. బిగించినవాడి ఫోన్‌లో మీ కెమెరా ఉంటే ఎదురుగా తీసేయించండి. పడకగదిలో కెమెరా వద్దు. బిగించేవాడు "ఒక్క పోర్టే అంకుల్" అంటాడు. ఒక్కటి కూడా వద్దు.

చివర్లో ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద యాప్ తెరిచి చూడండి. బట్టలు సర్దే ముందు రూటర్ పేజీ ఇంకోసారి తెరవండి. ఫార్వర్డింగ్ లిస్టులో ఒక్క వరస కనిపించినా డిలీట్ కొట్టండి.