మొదటి లాటుతోనే ఆగిపోయే రిపోర్టు: పైథాన్‌లో కర్సర్ తప్పును సరిచేయడం

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి వేలం లెక్కలకు ప్రోగ్రాం రాస్తున్నారనుకుందాం. డేటాబేస్‌లో పట్టికలు రెండు: లాట్లు (అమ్మకానికి వచ్చిన సరుకు కుప్పలు), పాటలు (వాటికి వ్యాపారులు పలికిన ధరలు). ఒక్కో లాటు తీసి, దానికి వ్యాపారులు పాడినవాటిలో పెద్ద పాటను పక్కన చూపించాలి. అంటే లాట్ల మీద బయటి లూపు, దాని లోపల పాటలు అడిగే ఇంకో క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న). రిపోర్టులో మొదటి లాటు సరిగ్గా వస్తుంది, మిగతావి మాయమవుతాయి. ఎర్రర్ ఏదీ రాదు, అదే ప్రమాదం. వరస తప్పిపోతే ఒక రైతు సరుకు లెక్కలోకే రాదు.

ముందు మీ లైబ్రరీలో క్వెరీ ఫంక్షన్ తెరిచి చూడండి. కనెక్షన్‌తో పాటు ఒకే కర్సర్‌ను (క్వెరీ వేసి, వరసలను ఒక్కొక్కటిగా అందించేదాన్ని) తయారుచేసి దాచుకుని, ప్రతి పిలుపుకూ దాన్నే తిరిగి ఇస్తోందా? అయితే తప్పు అక్కడే ఉంది. పైథాన్‌తో పాటే వచ్చే డేటాబేస్ మాడ్యూల్ ఎస్‌క్యూలైట్3లో ఒక కర్సర్ మీద రెండో ఎగ్జిక్యూట్ (క్వెరీని నడిపే పిలుపు) పడగానే మొదటి క్వెరీలో మిగిలిన వరసలు పోతాయి. బయటి లూపుకు ఆ సంగతి తెలియదు, అదే కర్సర్‌ను తర్వాతి వరస అడుగుతుంది.

లోపల ఫెచ్‌ఆల్ (వరసలన్నీ ఒకేసారి తెచ్చేది) వాడితే పాటలన్నీ అయిపోయి ఉంటాయి కాబట్టి బయటి లూపు నిశ్శబ్దంగా ముగుస్తుంది. ఫెచ్‌వన్ (ఒక్క వరసే తెచ్చేది) వాడితే ఇంకా వింత. లోపలి క్వెరీ వ్యాపారి పేరు, ధర అడుగుతోందనుకోండి. మొదటి లాటుకు 3 పాటలుంటే, బయటి లూపుకు రెండో లాటుకు బదులు రెండో పాట అందుతుంది; లాటు నంబరు ఉండాల్సిన చోట వ్యాపారి పేరు కూర్చుంటుంది. అదే లాటుకు ఒక్క పాటే ఉంటే ఈ వింత బయటపడదు. అందుకే పరీక్షకు కనీసం 3 లాట్లు పెట్టండి: ఒకదానికి 3 పాటలు, ఒకదానికి సున్నా, ఒకదానికి 1.

మరమ్మతు ఒక్క లైనే. దాచుకున్న కర్సర్ మీద కాకుండా కనెక్షన్ మీదే ఎగ్జిక్యూట్ పిలవండి. ఎస్‌క్యూలైట్3లో అది ప్రతిసారీ కొత్త కర్సర్ తయారుచేసి ఇస్తుంది. దాచిన కర్సర్‌ను క్లాసులోంచి పూర్తిగా తీసేయండి, ఉంచితే రేపు ఇంకెవరో వాడతారు.

మై‌ఎస్‌క్యూఎల్ కనెక్టర్‌లో (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు కలిపే లైబ్రరీలో) ఇది చాలదు. బయటి వరసలు చదవడం పూర్తికాకుండా అదే కనెక్షన్ మీద ఇంకో క్వెరీ వేస్తే ‘అన్‌రెడ్ రిజల్ట్ ఫౌండ్’ (చదవని ఫలితం మిగిలి ఉంది) అంటుంది. కర్సర్ తెరిచేటప్పుడు బఫర్డ్‌ను ట్రూ చేయండి (అప్పుడు వరసలన్నీ ముందే వచ్చేస్తాయి), లేదా బయటి వరసలను ఫెచ్‌ఆల్‌తో ముందే లిస్టులోకి తెచ్చుకోండి. ఒక రోజు లాట్లకు ఈ పద్ధతి చాలు. ఏళ్ల లెక్కలన్నీ ఒక్కసారి తెస్తే మెమరీ నిండుతుంది.

పాట రాని లాటుకు ఫెచ్‌వన్ నన్ (None, అంటే ఏమీ లేదు) ఇస్తుంది. దాన్ని చూడకుండా సున్నా స్థానం అడిగితే టైప్ ఎర్రర్. వరసలు ఎన్ని వచ్చాయో రోకౌంట్‌తో లెక్కపెట్టకండి, ఎస్‌క్యూలైట్3లో సెలెక్ట్‌కు అది -1 చూపిస్తుంది. ఫెచ్‌మెనీకి (కొన్ని వరసలు తెచ్చేదానికి) సంఖ్య ఇవ్వకపోతే ఒక్క వరసే వస్తుంది, ఎందుకంటే ఎన్ని వరసలు తేవాలో చెప్పే అరేసైజ్ మొదట 1గా ఉంటుంది.

నిజానికి పెద్ద పాట ధర ఒక్కటే కావాలంటే లోపలి క్వెరీయే అక్కర్లేదు. లాట్ల పట్టికకు పాటలను లెఫ్ట్ జాయిన్ చేసి (పాట లేని లాటూ మిగిలేలా కలిపి), లాటు నంబరుతో గ్రూప్ బై పెట్టి, మ్యాక్స్ తీసుకోండి. వట్టి జాయిన్ పెడితే పాట రాని లాట్లు మళ్లీ మాయమవుతాయి.