శాస్త్రి చదువు గిట్టుబాటవుతుందా? పంచాంగం పక్కన పెట్టుకుని లెక్క వేయండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే అక్క, మేనల్లుడు గోపాలపట్నంలోని మా ఇంటికి వచ్చారు. "మావయ్యా, నేనూ తిరుపతిలో శాస్త్రి చేస్తాను" అన్నాడు వాడు. శాస్త్రి అంటే సంస్కృతంలో డిగ్రీ. "ఆ చదువుతో ఇల్లు గడుస్తుందా తమ్ముడూ?" అని అక్క అడిగింది. నేను చదివింది అదే. శాస్త్రి, ఆపైన శిక్షాశాస్త్రి (సంస్కృతం వాళ్ల బీఈడీ) చేసి ఇంటర్ కాలేజీలో సంస్కృతం చెబుతున్నాను, సెలవు రోజుల్లో పౌరోహిత్యం చేస్తున్నాను. అయినా అక్కకి నోటిమాటగా జవాబు చెప్పబుద్ధి కాలేదు. లాంగ్ నోట్‌బుక్ తెచ్చి ముగ్గురం కూర్చున్నాం. మీ ఇంట్లోనూ ఇదే టెన్షన్ ఉంటే మీరూ ఇలాగే కూర్చోండి.

డబ్బు లెక్కకి ముందు ఒకటి తేల్చుకోవాలి. ఆ డిగ్రీ ఎవరిస్తున్నారు? తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది, కాబట్టి అక్కడ ఆ భయం లేదు. వేరే చోట చేరేవాళ్లు మాత్రం యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడాలి. గురువు దగ్గర ఎంత బాగా వేదం నేర్చుకున్నా, డిగ్రీ అడిగే ఉద్యోగానికి డిగ్రీయే చూపించాలి.

ఇక ఖర్చు. అందరూ ఫీజుతో మొదలుపెడతారు, కానీ ఈ చదువులో ఫీజే చిన్నది. మావాడికి మేం వేసిన అంచనా ఇది: మెస్ నెలకి 3,500 చొప్పున పది నెలలకి 35,000, ఫీజులూ పరీక్షలూ కలిపి 6,000, విశాఖ నుంచి ఏడాదికి నాలుగుసార్లు రానూపోనూ రైలుకి 4,000, పుస్తకాలు, బట్టలు, ఫోన్‌కి 10,000. మొత్తం ఏడాదికి 55,000. శాస్త్రి మూడేళ్లు, శిక్షాశాస్త్రి రెండేళ్లు వేసుకుంటే ఐదేళ్లకి 2,75,000. (నాలుగో ఏడు ఆనర్స్ కూడా చదవాలనుకుంటే ఇంకో వరస కలపండి.)

దాని కింద చాలామంది రాయనిది ఒకటుంది. వాడి స్నేహితుడు గాజువాకలో ఒక మొబైల్ షాపులో నెలకి 12,000కి చేరాడు. ఐదేళ్లలో ఆ కుర్రాడు 7,20,000 సంపాదిస్తాడు, మావాడు ఆ ఐదేళ్లూ చదువుతూ ఉంటాడు. అంటే చదువు ఖరీదు 9,95,000. ఆ అంకె చూసి అక్క కాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు.

రాబడి పేజీలో ఇంగ్లీషు నెలలు కాదు, పంచాంగం నెలలు రాయండి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు. మూఢం (గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనపడని రోజులు) వస్తే గృహప్రవేశాలూ ఉండవు. 2023లో ఆషాఢం వెనకాలే అధిక శ్రావణం వచ్చింది. జూన్ 19 నుంచి ఆగస్టు 16 దాకా పెళ్లి ముహూర్తమే లేదు. 2024లో మూఢం వేసవినే మింగేసింది. ఏప్రిల్ ఆఖరులో మొదలై ఆషాఢంలో కలిసిపోయింది, మళ్లీ బాజా మోగింది శ్రావణంలోనే. 2023 మే నెల ఒక్కదాంట్లో నాకు 38,000 సంభావన వస్తే, ఆ మరుసటి ఏడాది మూడు నెలలు కలిపి వచ్చింది 14,000. అదీ బారసాలలూ నవగ్రహ శాంతుల పుణ్యమే.

చేతికొచ్చిందంతా రాబడి అనుకోకండి. మధురవాడ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు సామాగ్రితో సహా మాట్లాడుకుంటున్నారు. గృహప్రవేశానికి 11,000 ఒప్పుకుంటే అందులో సామాగ్రి 4,000, పక్కన కూర్చునే కుర్రాడికి 1,500, ఆటోకి 400 పోతాయి. మిగిలేది 5,100. అదే రాయండి.

కాలేజీ జీతం దగ్గరా జాగ్రత్త. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకునే పిల్లలు మన రాష్ట్రంలో చాలామంది, అందువల్ల ప్రైవేటు కాలేజీల్లో మాకు పని దొరుకుతుంది. కానీ నేను మొదట చేరిన కాలేజీ ఏప్రిల్, మే జీతాలు ఇవ్వలేదు. చేరేటప్పుడు ఆ మాట అడగాలని నాకు తెలియదు, ఆ వేసవి మా ఆవిడ గాజులు తాకట్టుకి వెళ్లాయి. అందుకే మావాడికి 22,000 జీతాన్ని పది నెలలకే లెక్కేసి 2,20,000 రాశాను. పౌరోహిత్యానికి ఖర్చులు పోను ఎనిమిది నెలలకి 64,000 కలిపాను. మొత్తం 2,84,000. అప్పటికి గాజువాక కుర్రాడి జీతం 18,000 అయిందనుకుంటే ఏడాదికి 2,16,000. తేడా 68,000. ఆ లెక్కన 9,95,000 తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు దాటుతుంది.

అదే కేంద్రీయ విద్యాలయంలో టీజీటీ (హైస్కూలు టీచరు) సంస్కృతం పోస్టు వస్తే మూల వేతనమే 44,900. మూడేళ్ల పైచిలుకుతో ఖర్చు తీరిపోతుంది. దానికి శిక్షాశాస్త్రితో పాటు సీటెట్ అనే కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష పాసవ్వాలి. నోటిఫికేషన్‌లో శాస్త్రిని ఏ డిగ్రీతో సమానంగా చూస్తున్నారో కూడా చదవాలి. సైన్యంలో మత బోధకులుగా పండితుల్ని నాయబ్ సుబేదార్ హోదాలో తీసుకుంటారు, మూల వేతనం 35,400, కానీ 25 ఏళ్లు నిండాలి. ఆచార్య (సంస్కృతంలో పీజీ) చేయాలి, లేదంటే శాస్త్రి మీద కర్మకాండ డిప్లొమా ఉండాలి. ఈ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. కాబట్టి ఈ అంకెల్ని పెన్నుతో కాదు, పెన్సిల్‌తో రాయించాను.

చిన్న గుడిలో అర్చకత్వం మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చిన్న గుళ్లకి ప్రభుత్వం ధూప దీప నైవేద్యం పథకం కింద నెలకి ఇచ్చేది 2024లో 5,000 నుంచి 10,000 అయింది. అర్చకుడి భృతీ, నైవేద్యం ఖర్చూ రెండూ అందులోనే. ఇక పౌరోహిత్యం ఒక్కటే చేద్దామనుకుంటే డిగ్రీయే అక్కర్లేదు, మంచి గురువు దగ్గర స్మార్తం, అంటే పెళ్లిళ్లు, వ్రతాలు చేయించే విధానం, నేర్చుకుంటే చాలు. పాఠం చెప్పడం ఇష్టమైతేనే ఐదేళ్లు పెట్టమని మావాడికి గట్టిగా చెప్పాను. వాడికి ఇష్టమే. పక్కింటి పిల్లలకి సంస్కృత శబ్దాలు (రామః, రామౌ, రామాః లాంటివి) వల్లె వేయిస్తుంటే నేను విన్నాను.

చివరగా, ఈ పనిలో ఉన్న ముగ్గురిని కలవండి. జీతమెంత అని అడిగితే బాగున్న నెల చెబుతారు, పోయిన ఆషాఢంలో ఎంత వచ్చిందని అడగండి. మావాడు సింహాచలం వైపు ఇద్దరినీ, వన్‌టౌన్‌లో ఒకరినీ కలిసి వచ్చాడు. ముగ్గురి అంకెలూ నోట్‌బుక్‌లో మా లెక్క పక్కనే రాసి అక్క చేతికిచ్చాడు. అప్లికేషన్ ఆ రాత్రే నింపారు.